ఫిడేలు – పియానో: దక్షిణాంధ్ర సంగీతమున రెండు పరదేశవాద్యములు

పాశ్చాత్యుల సంగీతసభలలో ఫిడేలుకును పియానోకును ఉన్న పొత్తు చాల ప్రాతది. ఫిడేలు వాయించువాడు నిలుచుండి రాగధారను నడపును. పియానో వాయించువాడు కూర్చుండి దాని క్రింద స్వరసముదాయములను పరచుచుండును. బీథోవెను మహాశయుడు ఒక్కడే ఈ జంటకొరకు పది సొనాటాలు రచించెను. పందొమ్మిదవ శతాబ్ది తొలిదినములకే ఈ రెండు వాద్యములును చోళమండల తీరమునకు చేరినవి. కోటలోని దొరల యిండ్లలోను, విందులలోను, అవి కలసి మ్రోగుచుండెడివి. కాని అటుపిమ్మట వాని త్రోవలు వేరైనవి. ఒకే తీరమున దిగిన ఇద్దరతిథులలో ఒకడు మన చాపమీద కాలు మడిచి కూర్చుండి, మన యింటివాడై, నేడు పరదేశి యన్న తలపైనను రానీయకున్నాడు. రెండవవాడు రాజుల మేడలలో కుర్చీమీదనే ఉండిపోయినాడు. ఇట్లేల జరిగెనన్నదే ఈ వ్యాసమున విచారింపబూనిన విషయము.

ఈ విచారము రాష్ట్రేతరాంధ్రులకు తగినదనుటకు కారణము కలదు. ఫిడేలు మన వాద్యమైన చోట్లు చెన్నపట్టణము, తంజావూరు, ఎట్టయపురము, మైసూరు మొదలైనవి. ఇవి యన్నియు నేటి తెలుగు రాష్ట్రముల ఎల్లలకు వెలుపలివి. కాని ఆ చోట్ల ఫిడేలు ఏ పాటను అనుసరించి నడక నేర్చెనో ఆ పాట అధికభాగము తెలుగు పాట.

ఇక్కడ ఒక హెచ్చరిక చేసికొనుట మేలు. మన సభలలో తమిళదేశపు సంగీతమంతయు తెలుగువారి సొత్తే యని చెప్పుకొనుట అలవాటు. 1943లో తమిళ ఇసై సంఘము వెలసిన నాటినుండి ఎదుటివారు అంతకంటె బిగ్గరగా కాదనుటయు అలవాటే. ఫిడేలు కథ ఈ రెండు పక్షములలో దేనికిని లొంగదు. దానిని ఓడలపై తెచ్చినవారు ఐరోపీయులు. చేతబట్టినవారు తమిళ బ్రాహ్మణులును, తంజావూరి నట్టువకులును. పోషించినవారిలో తమిళ దుబాషీలు, మహారాష్ట్ర ప్రభువులు, తెలుగు పాళెగాండ్రు, తిరువాన్కూరు మహారాజు ఉన్నారు. వీరందరి నడుమ తెలుగు ఒక కులమువారి భాషగా గాక, పాట కట్టువారి ఉమ్మడి భాషగా నిలిచినది. మనకు గర్వకారణమేదైన ఉన్నచో అదియే. రావణహస్తమే ఫిడేలునకు జనని యని సాధింపజూచువారును లేకపోలేదు. కమానుతో వాయించు తంతివాద్యములు మనదేశమున పూర్వమునుండి ఉన్న మాట నిజమే కాని, నేడు మన విద్వాంసుల భుజమున ఆనియున్న వాద్యము ఇటలీదేశపు వడ్రంగుల చేతిలో రూపుగట్టినది. దానిని ఒప్పుకొనుటలో మనకు చిన్నతనమేమియు లేదు.

చెన్నపట్టణమున సెయింటుజార్జి కోట కంపెనీవారి కొలువునకు ముఖ్యస్థానమై యుండెను. కోటలో సైనికుల బ్యాండు మేళము ఉండెడిది. దొరలకును దేశీయులకును నడుమ వ్యవహారములు నడపు దుబాషీలు ధనవంతులై, దేవాలయములకు ధర్మకర్తలై, విద్వాంసులకు ఆశ్రయదాతలై వెలసిరి. వారిలో మణలి ముద్దుకృష్ణ మొదలియారు ఒకరు. ఆయన తిరువారూరునుండి రామస్వామి దీక్షితులవారిని కుటుంబసహితముగా రప్పించి, చెన్నపట్టణపు చెంతనున్న మణలి గ్రామమున నిలిపెను. 1735లో జన్మించి 1817లో గతించిన ఈ రామస్వామి దీక్షితులు తమిళుడయ్యును తెలుగున రచనలు చేసినవాడు. ఆయన నూటయెనిమిది రాగతాళముల మాలిక తెలుగు సాహిత్యముతో కూడినది. ఆయన జ్యేష్ఠపుత్రుడే సంగీతత్రిమూర్తులలో ఒకడైన ముద్దుస్వామి దీక్షితులు (1775–1835). కనిష్ఠుడైన బాలుస్వామి దీక్షితులు 1786లో జన్మించెను.

మొదలియారువారి వెంట ఈ సోదరులు కోటకు పోయి బ్యాండు మేళమును వినుచుండెడివారట. ముద్దుస్వామి దీక్షితులు ఆ గతులను చెవినుంచుకొనెను. బాలుస్వామి దీక్షితుల దృష్టి వాద్యముమీద నిలిచెను. ముద్దుకృష్ణ మొదలియారు కుమారుడైన చిన్నయ్య మొదలియారు ఒక ఐరోపీయుని నియమించి బాలుస్వామికి ఫిడేలు నేర్పించెననియు, ఆ శిక్షణ మూడేండ్లు సాగెననియు దీక్షితుల వంశీయులే వ్రాసియుంచిరి. ఆ గురువు పేరు మాత్రము మన చరిత్రలో నిలువలేదు. కోటలోని ఒక సామాన్యపు వాద్యకాడు, జీతమునకు పాఠము చెప్పినవాడు, ఒక దేశపు సంగీతముయొక్క రూపమునే మార్చితినని ఎరుగక కన్నుమూసియుండును.

తంజావూరి కథ వేరు. అక్కడ 1798నుండి 1832వరకు పాలించిన శరభోజి మహారాజు ఐరోపా విద్యలయందు మిక్కిలి ఆసక్తి గలవాడు. ఆయన కొలువున పాశ్చాత్యవాద్యములతో కూడిన మేళము ఉండెను. తంజావూరిని మహారాష్ట్రులు పాలించినను, అంతకుముందు నాయకరాజుల నాటినుండి ఆస్థానమున వేరూనిన తెలుగు చెక్కుచెదరలేదు. ఈ కొలువున మంత్రిగా నుండిన వరాహప్పయ్యనుగూర్చి సంగీతజ్ఞుల పరంపరలో ఒక కథ కలదు. ఆయన రాచకార్యముమీద చెన్నపట్టణము పోయి, గవర్నరు భవనమున ఫిడేలును పియానోను చూచి ముచ్చటపడగా, గవర్నరు ఆ రెంటిని ఆయనకు బహూకరించెనని చెప్పుదురు. ఆయన రెంటిని అభ్యసించెననియు చెప్పుదురు. ఈ కథలోని వివరములు ఎంతవరకు నిజమో గాని, నాకు ఇందు నచ్చిన అంశము వేరొకటి. తంజావూరికి ఈ రెండు వాద్యములును ఒకే బండిలో, ఒకే మనుజుని యింటికి చేరినవని ఈ కథ చెప్పుచున్నది. రెంటికిని సమానమైన అవకాశమే దొరకినది. పిమ్మట వరాహప్పయ్య పేరు ఫిడేలు చరిత్రలో నిలిచినదే కాని, ఆ పియానో ఏమైనదని ఎవరును అడుగలేదు.

తంజావూరివారే మరి నలుగురు అన్నదమ్ములు: చిన్నయ్య, పొన్నయ్య, శివానందము, వడివేలు. వీరు నట్టువకుల కుటుంబమువారు, ముద్దుస్వామి దీక్షితుల శిష్యులు. నేడు భరతనాట్యమని పిలువబడు కచ్చేరీ క్రమమును తీర్చినవారు వీరే. వీరు కట్టిన పదవర్ణములలో పెక్కింటి భాష తెలుగు. కడపటివాడైన వడివేలు ఫిడేలునందు అసమానుడై తిరువాన్కూరు చేరెను. అక్కడి స్వాతితిరునాళ్ మహారాజు 1834లో ఆయనకు దంతముతో చేసిన ఫిడేలును బహూకరించెను. ఇట్లు బాలుస్వామి, వరాహప్పయ్య, వడివేలు అను మువ్వురికిని ‘మొట్టమొదటివాడు’ అను గౌరవమును వారివారి పక్షమువారు అంటగట్టుచుందురు. ఎవరు ముందన్న తగవు తీర్చుటవలన లాభము తక్కువ. ఒకే తరములో, ఒకదానికొకటి బంధము గల కొలువులలో, ఒకేమారు ఇందరి చేయి ఒక్క వాద్యముమీద పడుటయే గమనింపవలసినది. ఆ సంగీతమునకు అటువంటి వాద్యము అప్పుడు అవసరమైయుండెను.

ఏమి ఆ యవసరము? కృతి అను రచన అప్పుడే పూర్ణరూపము దాల్చుచున్నది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి (1767–1847) తన తెలుగు కృతులలో సంగతులను ఒకదానిపై నొకటి పేర్చుచు, మాటను సాగదీయుచు, వంచుచు, రాగభావమును పూరించుచుండెను. అంతవరకు గాయకునకు ప్రక్కవాద్యముగా వీణయో వేణువో ఉండెడిది. వీణ మన వాద్యములలో రాణి. కాని మీటిన నాదము మీటినంతనే క్షీణింపనారంభించును. మనుజకంఠము ఊపిరి ఉన్నంతసేపు నిలుచును. ఊపిరి తీసికొనినట్లే కమాను త్రిప్పి, కంఠము వలెనే నాదమును నిలిపి, పెంచి, తగ్గింపగల వాద్యము గాయకుని ప్రక్కన కొరతగా ఉండెను. ఫిడేలు ఆ కొరతను తీర్చినది. దానికి మెట్లు లేవు. వ్రేలు ఎక్కడ నిలుపవలెనో చెవి చెప్పవలసినదే. పాశ్చాత్యునకు అది కష్టము. మనకు అదియే వరమైనది. మెట్టు లేనిచోట వ్రేలు జారవచ్చును, ఊగవచ్చును. స్వరమునకును స్వరమునకును నడుమనున్న సందులలో గమకమును ఎంతయైన మెదపవచ్చును.

అయినను వాద్యము వచ్చినది వచ్చినట్లు మనకు పనికిరాలేదు. మనవారు మొదట దానిని కూర్చుండబెట్టిరి. పాశ్చాత్యుడు నిలుచుండి గడ్డముక్రింద ఇరికించుకొని వాయించును. అట్లు పట్టుకొనిన ఎడమచేయి వాద్యమును మోయుటకే సగము బద్ధమై యుండును. మన విద్వాంసుడు నేలపై కూర్చుండి, వాద్యపు తలను కుడి చీలమండమీద ఆనించి, రెండవకొనను రొమ్మునకు చేర్చును. అప్పుడు ఎడమచేయి మోతబరువునుండి విడుదలపొంది తంతిపై అడ్డులేక పరుగెత్తగలదు. పిమ్మట తంతుల శ్రుతి మార్చిరి. పాశ్చాత్యుల పద్ధతిలో నాలుగు తంతులును ఒక్కొక్క పంచమము ఎడముతో పైకి పోవుచుండును. మనవారు వానిని మంద్రషడ్జము, మంద్రపంచమము, మధ్యషడ్జము, మధ్యపంచమము అని కూర్చిరి. దీనిచే వాద్యమే గాయకుని ఆధారశ్రుతితో ఏకమైపోయినది. కొయ్యలో, తంతిలో, కమానులో మార్పు లేదు. కూర్చుండుటలోను, శ్రుతిలోను, చేతి నడకలోను మాత్రమే మార్పు. ఇంత తక్కువ మార్పుతో ఇంత దూరము వచ్చిన వాద్యము మరొకటి కానరాదు.

పియానో ఇట్లు మారుటకు వీలులేనిది. అందు మీటను నొక్కినచో లోపల ఒక చిన్న సుత్తి తంతిని కొట్టును. కొట్టినపిదప ఆ నాదముమీద వాయించువానికి అధికారము లేదు. దానిని ఊపలేడు, జార్చలేడు, పెంచలేడు. ఒక స్థాయిని సమానమైన పన్నెండు భాగములుగా విభజించి ముందే స్థిరపరచియుంచిరి. తోడిలోని గాంధారము అందు లేదు. ఆ గాంధారము ఒక చోట నిలుచునది కాదు గనుక ఉండుటకును వీలులేదు. దీనికితోడు లౌకికమైన కారణములును ఉన్నవి. ఫిడేలును చంకనుంచుకొని ఉత్సవమునకు, పెండ్లికి, భజనమఠమునకు నడచిపోవచ్చును. బిరడలు త్రిప్పి శ్రుతి చేసికొనుట వాయించువాని పనియే. పియానోను కదల్చుటకు నలుగురు కావలెను. సముద్రపుగాలికి తడిసి దాని శ్రుతి చెడినప్పుడు సరిచేయుటకు దొరల ఊరినుండి పనివాడు రావలెను. గమకము అడ్డుపడకున్నను పియానో తిరువయ్యారు వీథులకు వచ్చియుండెడిది కాదు. దాని పేదచుట్టమైన హార్మోనియము మాత్రము వచ్చినది. మన నాటకరంగమును ఏలినది. గమకదోషము చెప్పియే ఆకాశవాణివారు 1940లో దానిని వెలివేయగా, ఆ నిషేధము మూడుదశాబ్దుల వరకు సడలలేదు.

పియానోకు సరిపడు పాట మనవారు కట్టలేదా యన్నచో కట్టినారు. అది ఈ కథలో విచిత్రమైన ఘట్టము. ముద్దుస్వామి దీక్షితులు కోటలో విన్న బ్యాండు గతులకు సంస్కృతమున దేవతాస్తుతులను కూర్చెను. వీనిని నోటుస్వరములందురు; సంఖ్య సుమారు నలువది. ఆంగ్లేయుల రాజగీతపు వరుస కూడ ఆయన చేతిలో ‘సంతతం పాహి మాం’ అను స్తోత్రమైనది. ఇవి యన్నియు శంకరాభరణమునందే ఉన్నవి. పాశ్చాత్యుల ముఖ్యస్వరక్రమము మన శంకరాభరణమునకు సరిపోవును; ఆ వరుసలలో గమకము లేదు; స్వరములు మెట్లవలె ఒకదానిపై నొకటి నిలుచును. పియానోమీద వీనిని వాయించిన లేశమాత్రము లోపము రాదు.

ఈ నోటుస్వరములలో కొన్ని తెలుగు లిపిలో వ్రాయబడిన ఒక వ్రాతప్రతి 1830 తరువాతి తొలిసంవత్సరములది, దీక్షితులు జీవించియుండగనే తయారైనది, బ్రౌను దొర సేకరణలో మద్రాసున నిలిచియున్నది. వేమన పద్యములను, తెలుగు కావ్యములను, పదములను నశింపకుండ కాపాడిన బ్రౌను ప్రాపుననే ఈ పాటలును చేరుట మనకు సంతోషకరమైన యాదృచ్ఛికము. వరుస ఇంగ్లీషు, మాట సంస్కృతము, కర్త తమిళుడు, లిపి తెలుగు: ఆనాటి చెన్నపట్టణము ఒక్క కాగితముమీద ఇమిడినట్లున్నది. కాని ఈ పాటలు ఎంత చక్కనివైనను పిల్లలకు సరళివరుసల తరువాత నేర్పు ఆటపాటలుగా మిగిలినవే తప్ప, కచ్చేరీకి వెన్నెముక కాలేదు. దీక్షితులవారే తక్కిన తమ కృతులలో వేరొక త్రోవ పట్టి, వీణానాదపు నిదాననడకను ఆశ్రయించిరి. అనగా పాశ్చాత్య సంగీతము మన చెంతకు రెండు రూపములలో వచ్చినది. వరుసగా వచ్చినది వాకిటనే నిలిచినది, వాద్యముగా వచ్చినది లోపలికి పోయినది.

బాలుస్వామి దీక్షితులు 1824 ప్రాంతమున ఎట్టయపురము చేరి ఆస్థానవిద్వాంసుడయ్యెను. ఎట్టయపురము తిరునెల్వేలి సీమలో కరిసల్ నేలల నడుమనున్న సంస్థానము. దాని పాలకులు తెలుగు మాతృభాషగా గల తొక్కల నాయకులు. చంద్రగిరి ప్రాంతమునుండి వచ్చినట్లు వారి వంశచరిత్ర చెప్పుచున్నది. మన పాఠకులలో ఆ సీమనుండి వచ్చినవారు పెక్కుమంది ఉందురు గాన, కంబళత్తు నాయకుల యిండ్ల తెలుగు ఎట్టిదో నేను చెప్పనక్కరలేదు. చుట్టును తమిళసముద్రమున్నను ఇంటిలోపల చెడక నిలిచిన తెలుగు అది. ఈ కొలువున ఫిడేలు వాయించుచు బాలుస్వామి ముప్పదేండ్లకు పైగా గడపెను. అన్నగారైన ముద్దుస్వామి దీక్షితులు తమ్ముని చూడవచ్చి 1835లో ఇక్కడనే సిద్ధిపొందెను; ఆయన సమాధి నేటికిని ఎట్టయపురముననే కలదు.

బాలుస్వామి తన దౌహిత్రుడైన సుబ్బరామ దీక్షితులను దత్తు చేసికొనెను. 1839లో జన్మించి 1906లో గతించిన ఈ మహనీయుడు వ్రాసిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురపు విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చైనది. రమారమి 1,700 పుటల గ్రంథము. తెలుగు భాషలో, తెలుగు లిపిలో. తిరునెల్వేలి కరిసల్ నేలలో ఒక తమిళ బ్రాహ్మణుడు తెలుగు అచ్చక్షరములు పేర్పించి ఇంత గ్రంథమును వెలువరించుట నేడు తలచుకొనిన నమ్మశక్యము కాదు. ఆనాటికి అది వింత కాదు. సంగీతశాస్త్రము వ్రాయువాడు తెలుగున వ్రాయుట సహజమని రచయితకును, సొమ్మిచ్చిన ప్రభువునకును, చదువబోవువారికిని తోచినది. అదేకాలమున చెన్నపట్టణమున తచ్చూరు సింగరాచార్య సోదరులు గాయకపారిజాతము, గాయకలోచనము, గాయకసిద్ధాంజనము మొదలైన పేర్లతో తెలుగున వెలువరించిన పుస్తకములును తమిళ విద్యార్థుల చేతులలో నలిగినవే.

ఈ మహాగ్రంథమునకు ప్రేరణ ఇచ్చినవారిలో చిన్నస్వామి మొదలియారు అను తమిళ క్రైస్తవుడొకడు కలడు. ఆయన 1892–93లో త్యాగరాజకృతులు మున్నగువానిని పాశ్చాత్య స్వరలిపిలో, అనగా పియానో వాయించువాడును ఫిడేలు వాయించువాడును చూచి వాయింపదగు ఐదుగీతల లిపిలో, ప్రకటింపబూనెను. త్యాగరాజ శిష్యుడైన వాలాజాపేట వేంకటరమణ భాగవతుల కుమారుడు కృష్ణస్వామి భాగవతులు ఆయనకు పాఠములనందించెను. మొదలియారు ఈ పనికై తన ధనమును, కంటిచూపును వెచ్చించెను. ఆయన ఆశ గొప్పది. కాని ఐదుగీతల లిపి గమకమును మోయలేదు. సుబ్బరామ దీక్షితులు ఇందుండి ఒక పాఠము నేర్చి, కాలమును చూపు గుర్తులలో పాశ్చాత్యపద్ధతినుండి కొంత గ్రహించి, స్వరములను తెలుగక్షరములలోనే యుంచి, ఒక్కొక్క గమకమునకు ఒక్కొక్క చిహ్నము కల్పించెను. ఫిడేలు విషయమున తాత చేసినదే లిపి విషయమున మనుమడు చేసెను. కావలసినదానిని తీసికొని, అక్కరలేనిదానిని అక్కడనే విడిచెను.

ఇక మైసూరు. పియానోకు దక్షిణదేశమున దక్కిన గౌరవమంతయు ఇక్కడనే దక్కినదని చెప్పవచ్చును. నాల్గవ కృష్ణరాజ ఒడయరు వారికి ఫిడేలు మొదలుగా దేశీయములు, విదేశీయములు ననేక వాద్యములు తెలియును. వైణికశిఖామణి శేషణ్ణ (1852–1926) వీణయందే గాక ఫిడేలునందును, పియానోయందును ప్రజ్ఞ గలవాడు. పియానోపై కర్ణాటక సంగీతమును వినిపించిన మొదటివారిలో ఆయనను చెప్పవలెను. అయినను శేషణ్ణ పేరు చెప్పగానే మనకు తోచునది వీణయే. కడపటి మహారాజైన జయచామరాజ ఒడయరు (1919–1974) పియానోయందు లండను గిల్డుహాలు సంగీతవిద్యాలయముయొక్క పట్టము 1945లో పొందినవాడు. రష్యాదేశపు మెడ్ట్‌నరు అను రచయిత కృతులను రికార్డులకెక్కించుటకై ధనమిచ్చి ఒక సంఘమునే నిలిపినవాడు. ఆ వృద్ధరచయిత తన మూడవ పియానో కన్‌చెర్టోను ఆయనకే అంకితము చేసెను. ఇట్టి ప్రభువు తాను కృతులు కట్టబూనినప్పుడు తొంబదినాలుగు కీర్తనలను శుద్ధమైన కర్ణాటక సంప్రదాయమున కట్టెనే కాని, పియానో నీడను వానిమీద పడనీయలేదు. ఆ రెండు సంగీతములును ఒకే మనస్సున, ఒకే యింట, వేరువేరు గదులలో కాపురముండినవి.

మైసూరు వాసుదేవాచార్యులు (1865–1961) కన్నడిగుడయ్యును తన కృతులలో అత్యధికభాగమును తెలుగునను సంస్కృతమునను రచించుట ఎల్లరెరిగినదే. ఆయన గురువు పట్నం సుబ్రహ్మణ్యయ్యరు (1845–1902). చెన్నపట్టణవాసముచే ‘పట్నం’ ఇంటిపేరైన ఈ విద్వాంసుడు కదనకుతూహలమను రాగమున ‘రఘువంశసుధాంబుధి’ అను కృతిని చేసెను. బ్యాండు మేళపు ఉరవడి అందు స్పష్టముగా వినబడును. దీక్షితుల నోటుస్వరములవలెగాక ఇది కచ్చేరీలలో నిలిచినది. పాశ్చాత్యపు నడకను మన రాగముగా మార్చుకొనుటయే అందుకు కారణమని నా యభిప్రాయము.

తెలుగుదేశమున పియానోకు సంబంధించిన ఒక ముచ్చటను చెప్పక విడువలేను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చినప్పుడు, అక్కడి ప్రధానోపాధ్యాయుని భార్యయగు మార్గరెట్ కజిన్సు, ఐర్లండున సంగీతపట్టము పొందిన విదుషి, జనగణమన గీతపు వరుసను పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసినది. పియానో మన పాటకు చేసిన ఉపకారములలో, అది ఎక్కడ చక్కగా పనికివచ్చునో చూపునదిగా దీనిని గ్రహింపవచ్చును. పలువురు కూడి ఒక్క శ్రుతిలో, ఒక్క లయలో, గమకము లేక పాడవలసిన గీతమది.

అదే 1919లో విజయనగరమున మహారాజావారి సంగీతకళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులు. అందు ఫిడేలు ఆచార్యపదవి ఇరువదియారేండ్ల ద్వారం వేంకటస్వామినాయుడుగారికి లభించెను. నాయుడుగారు 1893లో దీపావళినాడు బెంగుళూరులో జన్మించిరి. తండ్రి సైనికోద్యోగి. కన్నడదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములలో సైన్యపు కొలువుచే వచ్చినవెన్నియో మనమెరుగుదుము. ఆ కుటుంబము పిమ్మట విశాఖపట్టణము చేరినది. పిల్లవానికి చూపు మందము. బడిలో నల్లబల్ల కానరాక చదువు సాగలేదు. అన్నగారివద్ద పట్టిన ఫిడేలే చదువైనది. 1936లో ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యెను. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీతకళానిధి బిరుదమునిచ్చినది. 1957లో పద్మశ్రీ లభించినది.

నాయుడుగారు చేసిన విశేషకార్యమేమి? అంతవరకు ఫిడేలు గాయకుని వెనుక నడచునది. దానిని ఒంటరిగా వేదికకెక్కించి కచ్చేరీ మొత్తము నడిపించినవారిలో ఆయన అగ్రగణ్యుడు. 1938లో వేలూరున అట్టి కచ్చేరీ మొదట జరిగినదని చెప్పుదురు. ఆయన పాశ్చాత్య విద్వాంసుల రికార్డులను శ్రద్ధతో వినెడివాడు. వారి కమానులోని నిండుతనమును, నాదశుద్ధిని గ్రహించెను. వారి పాటను గ్రహింపలేదు. 1952లో యెహూదీ మెనూహిన్ భారతదేశమునకు వచ్చి మద్రాసున ఉన్నప్పుడు, ప్రధానన్యాయమూర్తియు తెలుగు నాటకకర్తయు నగు పి.వి. రాజమన్నారుగారి యింట నాయుడుగారి వాద్యమును విని ముగ్ధుడయ్యెను. మెనూహిన్ దేశమున వాడుక ప్రకారము ఫిడేలు ప్రక్కన పియానో ఉండవలెను. ఆ యింట నాయుడుగారి వాద్యమునకు అట్టి తోడు అక్కరలేకపోయెను. కోటలోని పేరులేని గురువు మూడేండ్లు నేర్పిన విద్య నూటయేబదేండ్లకు ఇట్లు ఆ జాతివారి చెవికే తిరిగి చేరినది. 1964లో నాయుడుగారు మద్రాసున కీర్తిశేషులైరి.

ఇంతకును ఫిడేలు తెలుగు మాటతో ఎట్లు ముడిపడియున్నదో ఒక చిన్న విషయముచే చెప్పెదను. పాటను అనుసరించు ఫిడేలులో కమాను ఎక్కడ త్రిప్పవలెనన్నది తాళము ఒక్కటియే నిర్ణయింపదు, సాహిత్యము నిర్ణయించును. మాట ముగియకమునుపే కమాను త్రిప్పినచో నాదము తెగి మాట రెండుముక్కలగును. తెలుగు తెలిసినవాని చేతిలో కమాను తనంతతాను సంబోధనవద్ద ఆగును, క్రియవద్ద ఒదుగును. తెలియనివాడును గురువు చెప్పిన గుర్తులచే వాయింపగలడు, గొప్పగా వాయింపగలడు కూడ. తమిళ విద్వాంసులలో అట్టి మహామహులు ఎందరో కలరు. వారు శ్రమచే సాధించినది మన పిల్లలకు ఇంటిలోని మాటగా ఉచితముగా లభించవలసినది. చెన్నైలోను బెంగుళూరులోను ఫిడేలు నేర్చు తెలుగు బాలబాలికలు నేడు వేలకొలది. వారిలో పెక్కుమంది త్యాగరాజకృతిని తమిళ లిపిలోనో, ఇంగ్లీషు అక్షరములలోనో వ్రాసికొని నేర్చుచున్నారు. ఎట్టయపురపు ప్రదర్శినిని 1961 మొదలుకొని మద్రాసు మ్యూజిక్ అకాడమీ తమిళ లిపిలో సంపుటములుగా వెలువరించినది. అది వారు చేసిన మహోపకారము. 1904 నాటి తెలుగు ప్రతిని విప్పి చదువగలవారు మాత్రము ఎట్టయపురమునుండి వచ్చిన మన కుటుంబములలో సయితము అరుదైనారు.

విజయనగరమున పుట్టి, అక్కడ ఇవటూరి విజయేశ్వరరావుగారివద్ద పాఠమారంభించి, చెన్నపట్టణమున స్థిరపడి, ఎం.ఎల్. వసంతకుమారిగారి ప్రక్కన యేండ్లకొలది కమాను పట్టిన అవసరాల కన్యాకుమారిగారికి 2016లో మ్యూజిక్ అకాడమీ సంగీతకళానిధి బిరుదమునిచ్చినది. ఫిడేలు వాయించు స్త్రీలలో ఆ బిరుదము పొందిన మొదటివారు ఆమెయే. మణలినుండి బయలుదేరిన త్రోవ ఎట్టయపురము, బెంగుళూరు, విజయనగరముల మీదుగా తిరిగి చెన్నపట్టణమునకే వచ్చినది.